మొదటి నీళ్లు

ఏరు రెండోసారి పొంగి, మేము నాచు ఆరబెట్టుకునే దిబ్బను సగానికి కోసుకుపోయిన ఏడు జరిగిందిది. మొదటి వరదలో మా నాన్న పోయాడు. రెండో వరదలో మనుషులెవరూ పోలేదు. మా తమ్ముడి షెడ్డులోని పెద్ద కాగు కొట్టుకుపోయింది, ఎండుకట్టెల గుట్ట కొట్టుకుపోయింది. ప్రాణాలు దక్కాయి, అదే చాలని వీధంతా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను.

నాది సముద్రపు నాచు కోసే పని. నీళ్లు వెనక్కి తగ్గి రాళ్లు బయటపడగానే నడుంలోతు నీళ్లలోకి దిగి కొడవలితో కోస్తాను. మేము కోసేదాన్ని బెల్టు నాచు అంటాం. ఆకు జానెడు వెడల్పు, మనిషంత పొడవు ఉంటుంది. ఒడ్డుకు మోసి, తాళ్లమీద ఆరేసి, ఎండాక గోనెల్లో కుక్కుతాను. యాభై ఏళ్లుగా ఇదే పని.

మా తమ్ముడికి నీళ్లు పడవు. నోరు మాత్రం బాగా పడుతుంది. వీధిలో వాణ్ణి రేడియో అంటారు. నన్ను మూగాయన అంటారు. ఇద్దరి మాటలూ వాడొక్కడే పట్టుకుని పుట్టాడని మా అమ్మ అనేది. వాడు నా దగ్గర నాచు తీసుకుని, పొడి కొట్టి, గొట్టం మాత్రల్లో నింపి అమ్ముతాడు. సీసా మీద 'కడలి బలం' అని రాసి ఉంటుంది. నీరసానికి అదే, మోకాళ్ల నొప్పికి అదే, జుట్టు రాలితే అదే. ఒళ్లు తగ్గాలన్నా అదే, పెరగాలన్నా అదే.

నాచు మనిషి నోట్లోకి వెళ్లేదైతే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముందు కాగులో బాగా ఉడికించాలి. నీళ్లు గోధుమరంగు తిరిగి చిక్కబడ్డాక ఒక్క చుక్క మిగలకుండా పారబోయాలి. మళ్లీ కొత్త నీళ్లు పోసి ఇంకోసారి ఉడికించాలి. ఆ తర్వాతే ఆరేయడం, పొడి కొట్టడం. ఎందుకని అడిగితే, "మొదటి నీళ్లు గుండెని పరిగెత్తిస్తాయిరా" అనేది మా అమ్మ. అంతకుమించి ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. గొడ్లకు కూడా ఆ నీళ్లు పెట్టేవాళ్లం కాదు. షెడ్డు వెనక కాలువలోకి వదిలేవాళ్లం. అవి పారి పారి అక్కడి మట్టి నల్లగా జిగటగా ఉండేది.

వరద తీసిన నాలుగో రోజున నాకూ తమ్ముడికీ చెడింది. మిగిలిన సగం దిబ్బలో చెరి సగం తాళ్లు కట్టుకుందామన్నాను. వాడు సరేనన్నాడు. మర్నాడు చూస్తే మొత్తానికి రేకుల కప్పు వేయించి, చుట్టూ తడికె కట్టాడు.

"నాచు ఇసకలో కూడా ఎండుతుంది కదన్నా. మాత్రలకి నీడ కావాలి," అన్నాడు.

ఆ రోజు నుంచి వాడితో మాట మానేశాను. మానేయడానికి నా దగ్గర పెద్దగా మాటలేం లేవు. వాడికే కష్టమైంది. మధ్యలో నా భార్య. వాడు మా గడపలోనే నిలబడి, నేను వాడికి రెండడుగుల దూరంలో తాడు పేనుకుంటూ ఉంటే, "వదినా, అన్నకి చెప్పు, రేపటికి నాలుగు గోనెలు కావాలని," అనేవాడు.

"ఏమయ్యా, నాలుగు గోనెలంట," అనేది ఆమె.

నేను తలూపేవాణ్ణి.

"ఊపాడు," అని వాడికి చెప్పేది. "ఇంకేమన్నా అడగాలా? ఊపుకి రేటు పెంచకముందే అడుగు."

మాట మానేసినా సరుకు మానలేదు. నా నాచుకు ఇంకో గిరాకీ లేదు, వాడికి ఇంకో నాచు లేదు.

వరద పోయిన రెండు నెలలకు గోనెలు దించడానికి వాడి షెడ్డుకు వెళ్లాను. కాగు ఉండే చోట పిండిమర పెట్టి ఉంది. పొయ్యి రాళ్లు కూడా తీసేశారు. వెనక కాలువ చూశాను. ఎండిపోయి, నెర్రెలిచ్చి ఉంది. ఉడికించడం వేరే ఎక్కడికైనా మార్చాడేమో అనుకున్నాను. ఉడికించకుండా ఎవడైనా పొడి కొడతాడని నాకు తోచలేదు. బియ్యం ఉడికించకుండా అన్నం వడ్డించినట్టుంటుంది అది. అడగాల్సింది. మాటల్లేవు కదా. గోనెలు దించి, చేతులు దులుపుకుని వచ్చేశాను.

నా భార్య ఆ మాత్రలు అంతకు ఏడాది ముందు నుంచే వేసుకునేది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వరద బురద ఎత్తిపోసి నడుం విరిగిందని మూడు చేసింది. తర్వాత ఆరు. పెళ్లినాటికే ఆమె మెడ కింద రేగుపండంత గడ్డ ఉంది. నొప్పి లేదు, పెరిగింది లేదు. మేమిద్దరం ఆ సంగతే మర్చిపోయాం.

ఆ రెండు మూడు నెలల్లో ఆమె చిక్కిపోయింది. ముందు నాకంటే ఆమే సంతోషపడింది. జాకెట్టు వదులైందని చూపించింది. పొద్దున నేను లేచేసరికి ఇల్లు కడగడం, బట్టలు ఉతకడం అయిపోయి, ఇంకేం చెయ్యాలా అని కాలు కాలిన పిల్లిలా తిరుగుతుండేది. చలికాలంలో కూడా చెమటలు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు చిందేవి.

"చేతులు వణుకుతున్నాయి," అన్నాను ఒకరోజు.

"అబ్బో! మాట్లాడాడు," అంది. "నా చేతులు నా ఇష్టం. నలభై ఏళ్లు నీకు వండి పోసిన చేతులు, కాసేపు ఆడుకోనీ."

ఆ పూటే తమ్ముడు వచ్చాడు. కొత్త సీసా తెచ్చాడు.

"చూశావా వదినా, ఎలా తయారయ్యావో! పదేళ్లు వెనక్కి వెళ్లావు. అందరికీ నిన్నే చూపిస్తున్నా. మా వదిన్ని చూడండి, ఆవిడకన్నా సాక్ష్యం ఏం కావాలి అంటున్నా."

"గుండె మాత్రం ఒకటే దడ మరిదీ."

"అదే బలం! లోపల మోటారు తిరుగుతోందన్నమాట. తిరక్కపోతే కదా భయపడాలి."

ఇద్దరూ నవ్వారు. నా చేతిలో తాడు పీచులు పీచులుగా విడిపోతోంది. ఏమీ అనలేదు. అంటే కడుపుమంట అంటారు. దిబ్బ తగాదా అంటారు.

దడ ఎక్కువయ్యాక, ఎదురింటి నర్సు పోరు పడలేక పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ చిన్నది. నా భార్య నాడి పట్టుకుని గడియారం చూసింది, మెడ తడిమింది, చేతులు చాపమంది. కాగితం ఒకటి తీసి ఆ వేళ్ల మీద పెట్టింది. కాగితం ఆకులా వణికింది.

"ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

"ఏం లేవమ్మా."

"బలం మందులు, పొడులు, ఆకులు, అలాంటివి?"

"ఏమీ లేవు," అంది నా భార్య. బల్ల కింద మడమతో నా కాలు తొక్కింది. గట్టిగా తొక్కింది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "మీరు చెప్పండి పెద్దాయనా."

నేను గోడమీది గడియారం చూశాను.

రక్తం తీసుకున్నారు. ఫలితానికి వారం పడుతుందని, ఈలోపు దడ తగ్గడానికి మాత్రలు రాసిచ్చారు. బయటికొచ్చాక అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"నాచు మందా? తిండి. నువ్వు కోసుకొచ్చిన గడ్డి. పైగా వీళ్లు ఒకటి విని నాలుగు రాస్తారు, రేపు వాడి షెడ్డు మీదికి ఎవరైనా వస్తే? వాడి పొట్ట కొట్టమంటావా?"

వాడి పొట్ట మీద ఆమెకు అంత బెంగ. నాకు ఒళ్లు మండింది. మండినా బస్సు దిగేదాకా నోరు విప్పలేదు. దిగాక అసలే విప్పలేదు.

వారం నిండలేదు. ఐదో రోజు పొద్దెక్కాక, వీధి కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి ఆమె కూలిపోయింది. నేను వెళ్లేసరికి నర్సు ఆమె తల ఒళ్లో పెట్టుకుని నాడి చూస్తోంది.

"ఇది నాడి కాదు మావయ్యా, గుర్రం," అంది. "ఆటో, ఆటో!"

ఆసుపత్రిలో గుండెకు తీగలు పెట్టారు. తెర మీద గీత ఒకచోట ఎగిరి, ఒకచోట మరిచిపోయి, ఇంకోచోట రెండుసార్లు ఎగురుతోంది. డాక్టరమ్మ రక్తం కాగితం పట్టుకుని వచ్చింది. మొహం మాడి ఉంది.

"మెడ దగ్గర గ్రంథి ఉంటుంది, అది అదుపు తప్పింది. గుండెని అదే తోలుతోంది. ఇలాగే ఉంటే గుండె ఆగిపోతుంది. ఈ వయసులో ఉన్నట్టుండి ఇలా ఎందుకైందో నాకు తెలియాలి. ఈసారి గడియారం చూడకండి."

నా భార్య కళ్లు మూసుకుని ఉంది. నా కాలు తొక్కడానికి ఆమె కాలు నా దగ్గర లేదు.

"నాచు," అన్నాను.

"ఏం నాచు?"

"బెల్టు నాచు. మాత్రలు. రోజుకి ఆరు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరు చేసి మూడు నెలలు. అంతకుముందు రెండు. అప్పుడేం కాలేదు."

"అప్పుడు ఎందుకు కాలేదు?"

అప్పుడు నాకు కాలువ కనబడింది. ఎండిపోయి, నెర్రెలిచ్చి. మా అమ్మ పద్ధతి చెప్పాను, ఉడికించడం, మొదటి నీళ్లు పారబోయడం. ఇప్పుడు ఉడికించడం లేదేమో అన్నాను. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాచులో అయోడిన్ ఉంటుంది పెద్దాయనా. ఈ రకంలో చాలా ఎక్కువ. ఉడికిస్తే చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది. మీ అమ్మగారు పారబోయించింది దాన్నే. అది పోకుండా, రోజుకి ఆరు, పైగా మెడలో పాత గడ్డ..." తల అడ్డంగా ఊపింది. "ఒక్కటి కూడా ఇక నోట్లో పెట్టుకోకూడదు. పెట్టుకుంటే నేనిచ్చే మందు పనిచెయ్యదు. ఇంకెవరెవరు వేసుకుంటున్నారు?"

"చాలామంది," అన్నాను.

నేరుగా షెడ్డుకు వెళ్లాను. తమ్ముడు మర దగ్గర నిలబడి నేను దించిన ఎండు నాచును దించినట్టే తొట్టిలో పోస్తున్నాడు. పొడి వాడి కనుబొమల మీద దట్టంగా పేరుకుంది.

"ఉడికించడం లేదా?" అన్నాను.

నాలుగు నెలల తర్వాత నా గొంతు విని మర ఆపాడు.

"వదినకెలా ఉంది? ఇప్పుడే వద్దామనుకుంటున్నా."

"ఉడికించడం లేదా అని అడిగాను."

"కాగు ఎక్కడుందన్నా ఉడికించడానికి? సముద్రంలో ఉంది. కట్టెలు నానిపోయాయి. మొదటి రెండు వాయిలు తప్పక పచ్చివే కొట్టాను. తీరా చూస్తే జనం ఏమన్నారో తెలుసా? ఇదివరకటికన్నా బాగా పనిచేస్తోందన్నారు! వదినే ముందు చెప్పింది. అప్పుడు నాకు వెలిగింది. రంగంతా, సారమంతా నీళ్లలో దిగిపోతుంటే మనం కాలవలో పోసి, పిప్పి అమ్ముకుంటున్నాం. అమ్మ చేసిన పిచ్చి పని తరాల తరబడి చేస్తున్నాం."

"గుండె పరిగెత్తిస్తుందని చెప్పింది అమ్మ."

"అమ్మ ఏ కాలేజీలో చదివిందేంటి?"

"నువ్వేం చదివావు?"

"నీకన్నా నాలుగు క్లాసులు ఎక్కువే చదివాను!"

"ఆమె చచ్చిపోతుందంట," అన్నాను. "ఇది ఆపు. ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పు."

వాడి మొహం కాసేపు తెల్లబడింది. తర్వాత రేడియో మళ్లీ అందుకుంది. ముసలితనం అన్నాడు. పాత గడ్డ అన్నాడు. డాక్టర్లకి ఏదో ఒకటి దొరకాలన్నాడు. మిగతావాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారన్నాడు. చివరికి నా మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటకీ వేలు నా గుండెకు పొడుస్తూ అన్నాడు.

"నాచు కోసింది నువ్వు. మోసుకొచ్చి పోసింది నువ్వు. ఈ షెడ్డులోకి ఎన్నిసార్లు వచ్చావు? కాగు లేదని నీకు తెలీదా? కాలువ చూడలేదా? చూశావు. చూసి నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని పోయావు. ఇప్పుడొచ్చి నేను హంతకుణ్ణంటావా? సగం దిబ్బ కోసం నాలుగు నెలలు మూతి ముడుచుకు కూర్చున్న మనిషి నువ్వు!"

చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. వాడు చెప్పిన దాంట్లో నాకు అబద్ధం దొరకలేదు. తొట్టి తన్ని వచ్చేశాను. నాచు నేలంతా చెల్లాచెదరైంది. వెనక నుంచి ఏవో తిట్లు వినబడ్డాయి, తర్వాత మర తిరిగిన చప్పుడు.

సాయంత్రం ఆసుపత్రికి తిరిగి వెళ్లేసరికి నా భార్య దిండ్లకు ఆనుకుని కూర్చుంది. వాడు అప్పుడే వచ్చి వెళ్లాడని పక్క మంచం ఆవిడ చెప్పింది. బాగా మాట్లాడతాడట, వార్డంతా నవ్వించాడట.

"వాడేమన్నాడు?" అన్నాను.

"నువ్వు షెడ్డు ధ్వంసం చేశావన్నాడు. దిబ్బ కసి నా రోగం మీద తీర్చుకుంటున్నావన్నాడు." ఆమె గొంతు నీరసంగా ఉంది, మాట మాత్రం కత్తిలాగే ఉంది. "సిగ్గులేదా నీకు? ఒక్కగానొక్క తమ్ముడు. నువ్వు నాతో మాట్లాడని మాటలన్నీ వాడే మాట్లాడాడు ఈ ఇంట్లో."

"మాత్రలు ఇచ్చాడా?"

ఆమె చెయ్యి దిండు కిందికి జరిగింది.

"వేసుకున్నావా?"

"ఒకటే. నీరసం తగ్గుతుందన్నాడు. నీ డాక్టరమ్మకి ఏం తెలుసు, నిన్నగాక మొన్న పుట్టింది."

తెర మీద గీత ఎగురుతోంది. నేను స్టూలు మంచం దగ్గరికి లాగి కూర్చున్నాను. చెప్పడం నాకు చేతకాదు. అయినా చెప్పాను. కాగు పోయిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఉడికించకుండా కొడుతున్నాడని, వాడి నోటితోనే ఒప్పుకున్నాడని చెప్పాను. రెండు మాత్రలకు ఏడాదిపాటు ఏమీ కాకుండా, వరద తర్వాతే ఎందుకైందో చెప్పాను. మా అమ్మ మాట, గుండె పరిగెత్తడం, ఆమెకూ గుర్తుంది. వింటూ ఉంది. ఆమె మొహంలో కోపం కదల్లేదు, అది తిరిగిన వైపు మాత్రం మారుతోంది.

"కాలువ ఎండిపోయి ఉండడం నేను చూశాను," అన్నాను. "వరదైన రెండు నెలలకే."

"చూశావా?"

"చూశాను."

"చూసి?"

"వచ్చేశాను."

పక్క మంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది. నా భార్య దిండు కింద నుంచి సీసా తీసి నా మీదికి విసిరింది. భుజానికి తగిలి, మూత ఊడి, మాత్రలు మంచాల కింద దొర్లిపోయాయి.

"వాడు తెలియక పెట్టాడు," అంది. "నువ్వు తెలిసి కూర్చున్నావు. ఆరోజు ఈ డాక్టరమ్మ అడిగినప్పుడు నేనంటే మొండిదాన్ని, నువ్వేం చేశావు?"

"గడియారం చూశాను."

"ఏం టైమైంది అప్పుడు?"

ఆమె ఆయాసపడుతోంది. వార్డు నర్సు పరిగెత్తుకొచ్చి మాట్లాడొద్దంది. ఆమె నర్సు చెయ్యి తోసేసింది.

"ఇప్పుడు నాకొక్కదానికి చెప్తే అయిపోయిందా? నన్ను చూపించి అమ్మాడు వాడు. నన్ను చూసి కొన్నారు. కుట్టుమిషను ఆవిడ నేను చెప్తేనే మొదలుపెట్టింది. వాళ్లకెవరు చెప్తారు? నేను ఇక్కడ తీగలు కట్టించుకుని పడి ఉన్నా. వాడు చెప్పడు. ఇంకెవరు, గోడా?"

"రేపు..."

"రేపు ఇక్కడికి రాకు. నా మంచం పక్కన కూర్చుని గోళ్లు గిల్లుకునేవాడు నాకు అక్కర్లేదు."

అటు తిరిగి పడుకుంది. నేను వంగి, మంచాల కింద పాకి, మాత్రలన్నీ ఏరాను. నర్సు చెత్తబుట్ట పట్టుకుంటే అందులో పోశాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లలేదు. నీళ్లు వెనక్కి తగ్గే వేళైనా రాళ్ల మీదికీ వెళ్లలేదు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, వీధి చివర తమ్ముడు మాత్రలు అమ్మే కొట్టుకు వెళ్లాను. ఇంకా తలుపు తీయలేదు. మెట్టు మీద కూర్చున్నాను.

వాడు తాళాలు పట్టుకుని వచ్చాడు.

"లే."

లేవలేదు.

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలువు. వాళ్లకీ చెప్తాను."

నన్ను దాటుకుని రేకు తలుపు ఎత్తాడు. ముందు కుట్టుమిషను ఆవిడ వచ్చింది, చేతిలో ఖాళీ సీసా.

"కొనకమ్మా," అన్నాను. "ఇది ఉడికించని నాచు. నా భార్య గుండె దెబ్బతింది. ఆసుపత్రిలో ఉంది. నీకు దడగా ఉందా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మీరు మాట్లాడతారా?" అంది. తర్వాత చెయ్యి గుండె మీద పెట్టుకుని, "కొంచెం ఉంది," అంది.

"ఆసుపత్రికి వెళ్లు. నాచు మాత్రలు వేసుకున్నానని చెప్పు. దాచకు."

"పిచ్చెక్కింది ఆయనకి!" లోపల నుంచి తమ్ముడు అరిచాడు. "పెళ్లాం మంచాన పడిందని మతి పోయింది, పట్టించుకోకండి! రండమ్మా, లోపలికి రండి!"

ఆవిడ లోపలికి వెళ్లలేదు. తర్వాత ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. అతనికీ చెప్పాను. అతను విసుక్కుని, నన్ను పక్కకి నెట్టి రెండు సీసాలు కొనుక్కుని పోయాడు. వెనకాలే నడిచి వీధి మలుపు దాకా చెప్పాను. తిరిగొచ్చేసరికి తమ్ముడు మెట్టు మీద బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. తడిలోనే కూర్చున్నాను. తర్వాత ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చారు, తర్వాత ఒక ముసలాయన. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. ఎదురు కొట్లో నీళ్లు అడిగి తాగి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.